అరబొమ్మల అల్లిక

మన ఇండ్లలో బీరువాల అడుగున, పట్టుచీరల మడతల నడుమ, ఇరువది ముప్పది సంవత్సరములుగా కదలక పడియున్న నల్లని చిన్న పెట్టెలు కొన్ని ఉన్నవి. పాటల క్యాసెట్టు పాటి పరిమాణము; అంచున అంటించిన కాగితము పసుపు రంగుకు తిరిగినది; దానిపై "చిన్నమ్మాయి పెండ్లి, 1992" అనియో, "గృహప్రవేశము" అనియో వ్రాసి ఉండును. ఇవి క్యామ్‌కార్డరు టేపులు. వీటిని డి.వి.డి.లోనికి మార్పించుకొన్నవారు ఇప్పటికే మనలో చాలమంది ఉన్నారు. అట్లు మార్పించిన డిస్కును కంప్యూటరులో పెట్టి చూచినప్పుడు, కదలుచున్న చేతుల అంచున, ప్రక్కకు తిప్పిన ముఖము అంచున, దువ్వెన పండ్లవంటి అడ్డగీతలు కనబడగా, "టేపు పాడైపోయినది కాబోలు" అని నిట్టూర్చి ఊరకున్నవారును చాలమందియే. టేపు పాడు కాలేదు. ఆ గీతలు టేపునకు పట్టిన తెగులు కాదు. అవి ఏమో, వాటిని ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదో, నాకు తెలిసినంతవరకు చెప్పుటకే ఈ వ్యాసము.

సంస్కృతిని గురించిన సంచికలో ఈ యంత్రముల గొడవ ఏల అని చదువరులు శంకింపవచ్చును. నాకు ఇది యంత్రముల గొడవగా తోచలేదు. కృష్ణాతీరముననో గోదావరీతీరముననో ఉన్న కుటుంబమునకు పెండ్లి టేపు పెండ్లి జ్ఞాపకము మాత్రమే. తెలుగు వారికి వీధి నిండ ఉన్నది. హోసూరులోను, రాజపాళయములోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగా స్థిరపడిన మనకు అట్లు కాదు. తమిళనాట 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిమ్మట బడిలో తమిళము తప్పనిసరి అయినది. ఆ చట్టము మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను. మా ఇంటి పిల్లలు తెలుగును చెవితోను కంటితోను నేర్చుకొనవలసినవారే కాని పుస్తకముతో కాదు అన్నంతవరకే నాకు పని. ఆ చెవికి, ఆ కంటికి అందవలసినది ఏది? "వస్తా ఉండాము, పోతా ఉండాము" అను మా అమ్మమ్మ పలుకుబడి. పాట పాడునప్పుడు తొడమీద ఆమె వేసిన తాళము. అప్పగింతల వేళ కొంగును నోటికి అడ్డము పెట్టుకొన్న తీరు. ఇవి ఇప్పుడు టేపులో తప్ప మరియెక్కడను లేవు. వీటిలో సగము కదలిక మార్పిడిలోనే పోయినచో తిరిగి తెచ్చుకొనుటకు దారి లేదు.

కాలము కూడ ఎక్కువ లేదు. వి.హెచ్.ఎస్. టేపులను ఆడించు యంత్రములను చిట్టచివరివరకు తయారు చేయుచు వచ్చిన జపాను దేశపు ఫునాయ్ సంస్థ 2016 జులైతో ఆ పని మానుకొన్నది. ఎనిమిది మిల్లీమీటర్ల టేపులతో నడచు క్యామెరాలు అంగళ్లలో కొత్తగా దొరకుట ఎప్పుడో మానినది. ఉన్నవి పాత యంత్రములు. వాటి రబ్బరు భాగములు గట్టిపడుచున్నవి. చెమ్మ తగిలిన టేపుమీద బూజు పట్టుచున్నది. డి.వి.డి. మాత్రము శాశ్వతమా అందురేమో. కాదు. నేడు అమ్ముడుపోవు ల్యాప్‌టాపులలో చాలవాటికి డిస్కు పెట్టుటకు చోటే లేదు. అయినను పెద్దవారి ఇండ్లలో టీ.వీ. క్రింద డి.వి.డి. ప్లేయరు ఇంకను ఉన్నది. మా పిన్నికి పెన్‌డ్రైవు ఇచ్చినచో ఎక్కడ గ్రుచ్చవలెనని అడుగును. డిస్కు ఇచ్చినచో తానే పెట్టుకొని చూచుకొనును. చూడవలసినవారు చూచునట్లు ఇచ్చుట మొదటి ధర్మము గనుక డి.వి.డి.యే అని నేను నిశ్చయించుకొన్నాను.

ఆ 1992 నాటి టేపు మా పిన్ని పెండ్లిదే. దుబాయిలో ఉద్యోగము చేయుచుండిన మా మేనమామ సెలవులో వచ్చుచు హై-8 క్యామెరా ఒకటి తెచ్చినారు. పెండ్లి మొత్తము ఆయనే చిత్రించినారు. వృత్తిచేత చిత్రకారులు కానందున వధూవరులకంటె ఎక్కువగా తమ తల్లినే చిత్రించినారు. అది మా అదృష్టము. అప్పగింతల పాట మా అమ్మమ్మ పాడినది. నాలుగు నిమిషములకు పైగా క్యామెరా ఆమెను విడిచి కదలలేదు. ఆమె 2001లో పోయినది.

కొన్ని సంవత్సరముల క్రిందట పిన్ని ఆ టేపును ఒక దుకాణమునకు ఇచ్చి డి.వి.డి. చేయించినది. మా ఇంటికి తెచ్చి కంప్యూటరులో పెట్టించి, అమ్మమ్మ తాళము వేయుచోట బొమ్మ ఆపించి, "ఏంది నాయనా, మా అమ్మ చేతికి పండ్లు మొలిచినట్టు ఉండాదే!" అన్నది. నవ్వు వచ్చినది; కాని ఆ మాటకంటె సరియైన వర్ణన ఏ పుస్తకములోను నాకు కనబడలేదు.

ఆ పండ్లు ఎట్లు మొలిచినవో చెప్పవలెనన్న టీ.వీ. బొమ్మ పుట్టుక కొంత చెప్పవలెను. టీ.వీ. బొమ్మ అడ్డగీతలతో కూడినది. దూరదర్శన్ అనుసరించిన పాల్ పద్ధతిలో నిండుబొమ్మకు 625 గీతలు. వాటిలో కంటికి కనబడునవి 576. సెకండునకు ఇట్టి నిండుబొమ్మలు 25. ఈ ఇరువదియైదింటిని ఒక్కొక్కటిగా గొట్టపు తెరమీద గీచినచో తెర మినుకుమినుకుమనును. సెకండునకు 50 నిండుబొమ్మలు పంపినచో మినుకు పోవును గాని, ప్రసారమునకు రెట్టింపు చోటు కావలెను. ఈ చిక్కును విడదీయుటకు 1930 దశకపు తొలినాళ్లలో జర్మనీలో ఫ్రిట్జ్ ష్రోటర్, అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థకు చెందిన ర్యాండల్ బల్లార్డ్ ఒక ఉపాయము చెప్పినారు. బొమ్మను రెండు అరబొమ్మలుగా చీల్చుటయే ఆ ఉపాయము. ఒక అరబొమ్మలో 1, 3, 5, 7వ గీతలు; సెకండులో ఏబదియవ వంతు గడచిన పిమ్మట రెండవ అరబొమ్మలో 2, 4, 6, 8వ గీతలు. పంపునది సెకండునకు 25 నిండుబొమ్మల సరుకే అయినను కంటికి ఏబది మారులు వెలుగు తగులును. బి.బి.సి. 1936లో లండనునుండి ఆరంభించిన 405 గీతల ప్రసారము ఈ అల్లికతోనే నడచినది. అరబొమ్మను ఫీల్డు అనియు, నిండుబొమ్మను ఫ్రేము అనియు, ఈ అల్లికను ఇంటర్లేసింగు అనియు సాంకేతికులు అందురు. షోలాపురపు పద్మశాలీలకు, సేలము దేవాంగులకు దీనిని ఇంతగా విప్పి చెప్పనక్కర లేదు. మగ్గముమీద పడుగు దారములలో సగము పైకి లేచి, సగము క్రిందికి దిగి, మరు క్షణమున అవి తారుమారగుట వారు పుట్టినది మొదలు చూచుచున్నదే.

ఇక్కడ గ్రహింపవలసిన కీలకము ఒక్కటే. ఈ రెండు అరబొమ్మలు ఒకే క్షణమునకు చెందిన రెండు సగములు కావు. రెండు వేర్వేరు క్షణములు. నడుమ 20 మిల్లీసెకండ్ల ఎడము ఉన్నది. కదలని గోడకు, కూర్చున్న పెద్దలకు ఆ ఎడముతో పని లేదు. రెండును చక్కగా అతుకుకొనును. కదలు వస్తువు సంగతి వేరు. తెర వెడల్పులో 720 చుక్కలు ఉన్నవి. సెకండులో సగము తెరను దాటు చేయి 20 మిల్లీసెకండ్లలో ఏడు చుక్కల దూరము జరుగును. కావున ఒక గీతలో చేయి ఒకచోట, ఆ క్రింది గీతలో ఏడు చుక్కల అవతల. రెంటిని కలిపి నిలిపి చూచినచో ఏడు చుక్కల పొడవున దువ్వెన పండ్లు. పాత గొట్టపు టీ.వీ. అరబొమ్మలను వచ్చిన వరుసలోనే ఒకదాని తరువాత ఒకటి గీచెడిది గనుక పండ్లు ఎవరికిని కనబడలేదు. కంప్యూటరు తెర అన్ని గీతలను ఒక్కసారిగా చూపును. రెండు క్షణములను ఒకే క్షణముగా అతికించి చూపును. తప్పు టేపుదికాదు, డిస్కుది కూడ కాకపోవచ్చును, చూచు సాధనముది. వి.ఎల్.సి. వంటి ప్లేయరులో డీఇంటర్లేస్ అను మీట ఒకటి ఉన్నది. దానిని నొక్కినంత మాత్రముననే చాల డిస్కులు చక్కబడును. డి.వి.డి. తెచ్చుకొని దిగులుపడిన బంధువులకు నేను మొదట చెప్పునది ఇదే: ముందు టీ.వీ.లో పెట్టి చూడుడు, పిమ్మట ఏడ్వవచ్చును.

పిన్ని డిస్కును టీ.వీ.లో పెట్టి చూచినాము. పండ్లు పోయినవి. కాని కదలిన చోటనెల్ల బొమ్మ వణకినది. నిలుచున్నవారు బాగుగానే ఉన్నారు. నడచినవారు జ్వరము వచ్చినట్లు అదురుచు నడచినారు. ఇది దువ్వెన పండ్లకంటె వేరైన రోగము, అసలు రోగము. అరబొమ్మలలో ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తప్పినది. 1, 2, 3, 4 అని రావలసిన క్షణములు 2, 1, 4, 3 అని వచ్చుచున్నవి. చేయి ముందుకు పోయి, వెనుకకు వచ్చి, మరల ఎక్కువ ముందుకు పోవును. నిలిపి చూచినచో ఈ తప్పు తెలియదు; మంచి డిస్కులోను చెడ్డ డిస్కులోను పండ్లు ఒకే తీరున ఉండును. కదలించి చూచిననే తెలియును.

పిన్ని మరల ఆ దుకాణమునకే పోయి గీతలు తీసివేయుడని అడిగినది. వారు తీసివేసినారు! ఆ రెండవ డిస్కును చూచినప్పుడు నాకు కలిగిన బాధ మొదటిదానిని చూచినప్పుడు కలుగలేదు. రెండు అరబొమ్మలను ఒకదానిపై ఒకటి కలిపి పులిమినారు. పండ్లు లేవు, వణకు లేదు. కదలు ప్రతి వస్తువునకును తోడుగా దాని దయ్యము ఒకటి బయలుదేరినది. తలంబ్రాల ఘట్టము చూడవలసినది. గుప్పిటనుండి విడిచిన బియ్యము ముప్పది సెంటీమీటర్లు పడునప్పటికి సెకండునకు రెండు మీటర్లకు మించిన వేగము అందుకొనును. ఒక అరబొమ్మకును మరు అరబొమ్మకును నడుమ సుమారు 5 సెంటీమీటర్లు జారును. టేపులో అది సన్నని తెల్లని గీతలుగా, వానధారవలె పడినది. పులిమిన డిస్కులో వధూవరుల తలలమీద పొగమంచు దిగినట్లు ఉన్నది. అమ్మమ్మ పాడుచున్నప్పుడు పెదవులు రెండు జతలుగా కదలుచున్నవి. పైగా బొమ్మ బాగుపడలేదని వారికే తోచెనేమో, పాట వచ్చుచోట ఆమె గొంతు తీసివేసి సినిమా పాట ఒకటి వేసినారు. దీనిని గురించి ఎక్కువ వ్రాసినచో ఈ సంచికకు తగని మాటలు వచ్చును.

వీరిని మాత్రమే అనుటకు లేదు. గీతలు కనబడగానే వాటిని చెరిపివేయవలెనని తోచుట సహజము. చెరుపుటకు గల దారులు కూడ తేలికయే. ఒక అరబొమ్మను పూర్తిగా పారవేసి, మిగిలినదానిని సాగదీసి నిండుబొమ్మ చేయుట ఒకటి. ఇందులో పులుముడు లేదు గాని, సెకండునకు ఏబది క్షణములలో ఇరువదియైదు చెత్తబుట్టలో పడును. గీతలలో సగము పోవుటచే జరీ అంచువంటి సన్నని పనులు మెట్లుమెట్లుగా కనబడును. రెంటిని పులుముట రెండవది. అది ఇందాక చూచితిమి. కదలని చోట రెంటిని అతికించి, కదలిన చోట మాత్రము నడుమ గీతలను ఊహించి నింపుట మూడవది. ఇది తెలివియైన పని, మంచి ప్రోగ్రాములు చేయునది ఇదే. కాని ఎంత తెలివియైనను ఊహ ఊహయే. డి.వి.డి. చేయునప్పుడు ఈ మూడింటిలో ఏదియు అక్కరలేదన్నది నా అభిప్రాయము. ఏలయన, డి.వి.డి. పుట్టినదే అరబొమ్మల కాలములో. పాల్ డి.వి.డి.లో 576 గీతలు, సెకండునకు ఏబది అరబొమ్మలు యథాతథముగా ఇముడును. టేపులో ఉన్న అల్లికను విప్పక, చింపక, వరుస తప్పక దానిలోనికి ఎక్కించుటకంటె చేయవలసినది లేదు. విప్పు పనిని టీ.వీ. చూచుకొనును, నేటి టీ.వీ.కన్న రేపటి టీ.వీ. మరింత బాగుగా చూచుకొనవచ్చును. డిస్కులోనే పులిమివేసినచో రేపటి యంత్రమునకు విప్పుటకు ఏమియు మిగులదు.

టేపు పిన్ని బీరువాలో భద్రముగా ఉన్నందున పని మొదటినుండి ఆరంభించితిమి. సోనీ సంస్థ 1999లో డిజిటల్-8 అను జాతి క్యామెరాలను విడుదల చేసినది. వాటిలో కొన్ని పాత వీడియో-8, హై-8 టేపులను కూడ ఆడించి, ఫైర్‌వైరు తీగద్వారా కంప్యూటరునకు అందించును. అట్టిది ఒకటి పాత సామానులలో దొరికినది. ఫైర్‌వైరు తీగ పెట్టుకొను చోటు నేటి కంప్యూటర్లలో ఉండదు. అందుకై పాత కంప్యూటరు ఒకటి బాగు చేయించవలసి వచ్చినది. టేపును మొదట చివరివరకు ఒకసారి చుట్టి, వెనుకకు చుట్టి, పిమ్మట ఆడించితిమి. ఏండ్ల తరబడి ఒకే బిగువున ఉన్న టేపు దీనిచేత సర్దుకొనును. ఇట్లు వచ్చు బొమ్మ డీవీ అను పద్ధతిలో ఉండును. డి.వి.డి. వేరు, ఇది వేరు. గంటకు సుమారు 13 గిగాబైట్లు పట్టును. ఇదియే మా ఇంటి మూలప్రతి. డిస్కు దానికి నకలు మాత్రమే. మూలప్రతిని రెండు హార్డుడిస్కులలో వ్రాసి రెండు ఇండ్లలో ఉంచితిమి.

వరుస తప్పుట ఎక్కడ జరుగునో ఇప్పుడు చెప్పగలను. పాల్ డీవీలో క్రింది అరబొమ్మ, అనగా 2, 4, 6వ గీతలది, కాలములో ముందుది. యు.ఎస్.బి. చేతికర్రవంటి పరికరములతో టేపును ఎక్కించినచో సాధారణముగా పై అరబొమ్మ ముందుది అగును. డి.వి.డి. కొరకు బొమ్మను ఎంపెగ్-2 పద్ధతిలోనికి కుదించు ప్రోగ్రాములు అనేకము, మనము చెప్పనిచో, పైదే ముందని తలచును. డీవీ బొమ్మను వాటి చేతికిచ్చి ఏమియు చెప్పకున్నచో 2, 1, 4, 3 తయారు. పరీక్ష సులభము. ఎవిసింత్ వంటి ఉచిత ప్రోగ్రాములో అరబొమ్మలను వేరుచేయు ఆజ్ఞ ఉన్నది. అట్లు వేరుచేసి ఒక్కొక్కటిగా జరిపి చూడవలెను. మేము అమ్మమ్మ తాళమునే పరీక్షగా తీసుకొంటిమి. చేయి పైకి లేచి, లేచి, లేచి, క్రిందికి దిగినచో వరుస సరియైనది. లేచి, దిగి, మరల లేచినచో తప్పినది. క్రిందిదే ముందని ప్రోగ్రామునకు చెప్పగానే చేయి నెమ్మదిగా లేచి తొడమీద వాలినది. తాళము చప్పుడును చేయి వాలుటయు ఒకే క్షణమున కలిసినవి. ఆ ముసలిచేతి వేళ్లు వాలిన పిదప కొంచెము పైకి ఎగిరి ఆగుట కూడ అప్పుడు తెలిసినది. మొదటి రెండు డిస్కులలోను ఆ సంగతి లేనేలేదు.

మరి రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు సాగెదను. అల్లిక విప్పని బొమ్మను నిలువున పెంచుటయో తగ్గించుటయో చేయరాదు. 576 గీతలను 480 చేసినచో వేర్వేరు క్షణముల గీతలు ఒకదానిలో ఒకటి కరగిపోవును. పండ్లు అలలవలె వంకరలు తిరుగును. దానిని ఏ ప్రోగ్రామును బాగు చేయజాలదు. పాత బొమ్మ కొలత నాలుగు బై మూడు. దానిని నేటి వెడల్పు తెరకు సాగదీయుట అనవసరము, పెండ్లికూతురు ముఖము గుమ్మడికాయ అగుటకంటె ప్రక్కన నల్లని పట్టీలు ఉండుట మేలు. రెండవది, కుదించు ప్రోగ్రామునకు ఇది అల్లిక బొమ్మ అని స్పష్టముగా చెప్పవలెను. చెప్పనిచో రెండు క్షణముల రంగులు కలగలిసి, ఎర్రచీర కదలినప్పుడు వెలుగునీడలు చక్కగానే ఉండి రంగు మాత్రము అంచు దాటి పారును. మన పెండ్లిండ్లలో ఎరుపునకు కొదువ లేదు గనుక ఈ లోపము మనకే ఎక్కువ కనబడును. డిస్కులోనికి ఎన్ని గంటలు పట్టించవచ్చునని చాలమంది అడుగుదురు. 4.7 గిగాబైట్ల డిస్కునకు సెకండునకు 8 మెగాబిట్ల చొప్పున గంటంబావు మించి పట్టదు. నాలుగు గంటల పెండ్లిని ఒకే డిస్కులో కుక్కినచో, అల్లిక ఎంత సరిగా ఉన్నను, బొమ్మ చదరపు ముక్కలుగా విడిపోవును. డిస్కు ఖరీదు పెండ్లి ఖరీదులో ఎన్నవ వంతో ఎవరికివారు లెక్క వేసికొనవచ్చును.

బొమ్మ అడుగున నాలుగైదు గీతల మేర చిందరవందరగా మెరయుట కొందరిని కంగారు పెట్టుచున్నది. టేపును చదువు తలలు ఒకదానినుండి ఒకటి పని అందుకొను చోటు అది. గొట్టపు టీ.వీ. అంచులను చట్రము చాటున దాచెడిది గనుక అది ఉన్నట్లే తెలియలేదు. నల్లరంగు పూసి కప్పివేసినచో చాలును, కత్తిరించి సాగదీయరాదు.

ఫోనులో చూడవలెనన్న పిల్లలకొరకు వేరే ప్రతి చేసితిమి. ఫోనునకు అరబొమ్మలు తెలియవు. అక్కడ అల్లికను విప్పియే ఇయ్యవలెను. విప్పునప్పుడు ప్రతి అరబొమ్మకును ఒక నిండుబొమ్మ చొప్పున సెకండునకు ఏబది చేయవలెనే కాని ఇరువదియైదుతో సరిపెట్టరాదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో యాడిఫ్ అను జల్లెడ ఈ పని త్వరగా చేయును. ఎవిసింత్‌లోని క్యూ.టి.జి.ఎం.సి. అను దానికి ఎక్కువ సమయము పట్టును. మా పాత కంప్యూటరు దానికొరకు రాత్రి అంతయు మేల్కొన్నది. తెల్లవారి చూచినచో తలంబ్రాలు మంచువలె కాక బియ్యమువలె పడినవి. మా చెల్లెలి కూతురు ఆ నాలుగు నిమిషములను తన ఫోనులో పెట్టుకొన్నది. దానికి తెలుగు చదువ రాదు. పాట మాటలను తమిళ లిపిలో వ్రాసికొని, అమ్మమ్మ పెదవులను చూచుచు, ఎక్కడ ఊపిరి తీసికొన్నదో గుర్తు పెట్టుకొని నేర్చినది. తమిళ లిపిలో గ కును క కును ఒకటే అక్షరము గనుక కాగితము చూచినంతసేపు ఒక మాట తప్పుగానే పలికినది. పెదవుల జాడను గొంతుతో కలిపి విన్న తరువాత దిద్దుకొన్నది.

ఇక మిగిలినది అమెరికానుండి వచ్చిన టేపు. మా అన్న ఒకరు 1997లో సెలవులకు వచ్చినప్పుడు తన క్యామెరాతో అమ్మమ్మ మాటలను అరగంట చిత్రించినాడు. అది అమెరికావారి ఎన్.టి.ఎస్.సి. పద్ధతి: 525 గీతలు, కనబడునవి సుమారు 480, సెకండునకు అరబొమ్మలు దరిదాపు 60. క్యాసెట్టుమీద పి6 అని ఉన్నచో ఈ జాతి, పి5 అని ఉన్నచో పాల్ జాతి అని సాధారణముగా పోల్చుకొనవచ్చును. దీనిని పాల్‌లోనికి మార్చి డిస్కు చేయవలెనని కొందరు సలహా చెప్పినారు. నేను ఒప్పుకొనలేదు. అరువదిని ఏబది చేయవలెనన్న క్షణములను పారవేయుటయో పులుముటయో తప్పదు. 480 గీతలను 576 చేయుట వేరే. మన ఇండ్లలోని డి.వి.డి. ప్లేయర్లు చాలవరకు రెండు పద్ధతుల డిస్కులను ఆడించును. కావున దానిని ఆ పద్ధతిలోనే, దాని అల్లికతోనే ఎక్కించితిమి. అన్న ఆ పాత క్యామెరాను దాచియుంచి పంపుటచే పని సాగినది.

ఆ టేపులో మాత్రము ఒక లోపము మిగిలిపోయినది. అమ్మమ్మ కూర్చున్నది వంటయింటి గడపలో, ట్యూబులైటు క్రింద. మన కరెంటు సెకండునకు ఏబది ఆవృత్తులది. పాతకాలపు ట్యూబులైటు దానికి రెట్టింపు, సెకండునకు నూరు మారులు వెలిగి తగ్గుచుండును. అరువది అరబొమ్మల క్యామెరా ఆ నూటితో జత కలియక సెకండునకు ఇరువది మారులు వెలుగు హెచ్చుతగ్గులను పట్టినది. తీయునప్పుడే షట్టరును నూరవ వంతునకు పెట్టియున్నచో అది రాదు. టేపుమీదికి ఎక్కిన తరువాత అల్లిక విప్పినను, విప్పకున్నను పోదు. వెలుగును సరిచేయు జల్లెడలు ఉన్నవి గాని, వాటిని పెట్టి చూడగా ఆమె ముఖముమీది ముడతలు నునుపెక్కినవి. తీసివేసి, మినుకును మినుకుగానే వదలివేసితిమి. డిస్కు పెట్టి పిన్నికి చూపినప్పుడు ఈ లోపమును గురించి ముందే చెప్పబోయినాను. ఆమె వినిపించుకొనలేదు. కొంచెము సేపు చూచి, "ఆ లైటు అప్పుడూ అట్లే కొట్టుకుంటా ఉండేది నాయనా, మీ తాత మార్పిస్తా మార్పిస్తా అని మార్పియ్యనే లేదు" అన్నది.